ముప్పై ఒక్కమంది సాక్షులు

ఆ మంగళవారం దేవమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆళ్లగడ్డలో ఎనిమిది గంటల బస్సు ఎక్కాలి. నంద్యాలలో డాక్టరు దగ్గర ఒక సర్టిఫికెట్ రాయించుకోవాలి. అక్కణ్ణుంచి లాయరు శేషాద్రి ఆఫీసుకు పోయి, ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామా మీద సంతకం పెట్టాలి. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి గోంగూర పప్పు చేయాలి. వీటిలో వీలునామా పనిని ఆమె పదకొండేళ్లుగా వాయిదా వేస్తోంది. గోంగూర పప్పును ఒక్కనాడూ వాయిదా వేయలేదు.

ఈ వాయిదాల అలవాటు భర్త మోషే సారు దగ్గర అబ్బింది. ఆయన ప్రాథమిక పాఠశాలలో పంతులు. ముప్పై నాలుగేళ్లపాటు పిల్లల హోంవర్కును ఒక్కరోజు కూడా ఆలస్యంగా ఒప్పుకోని మనిషి, తన బ్యాంకు పుస్తకంలో నామినీ పేరు మాత్రం రాయకుండానే పోయాడు. గడివేముల పొలం ఆయన తండ్రి పేరు మీదే ఉండిపోయింది. సారు పోయాక దేవమ్మ మూడేళ్లు ఆఫీసుల మెట్లు ఎక్కింది. ఆయన భార్య తానేనని, ఆయన పోయింది నిజమేనని ప్రతి గుమాస్తాకూ కాగితాలు చూపించి మళ్లీ మళ్లీ రుజువు చేసుకుంది. చివరిసారి రుజువు చేసిన రోజున, ఇంటి గడపలో కూర్చుని, తాను మాత్రం ఇట్లా చేయకూడదని గట్టిగా అనుకుంది. అనుకుని, ముందు శనగ పంట ఇంటికి రానిమ్మంది. తర్వాత చిన్నకొడుకు వినయ్ పెళ్లి కానిమ్మంది. ఆ తర్వాత మనవరాలు సిరి పుట్టనిమ్మంది.

అసలు సంగతి వేరు. ఆమెకు భయం. మోషే సారు ఒక గురువారం నాడు "వచ్చే వారం పోయి వీలునామా రాయిస్తా" అన్నాడు. ఆదివారం గుండె ఆగింది. రాస్తానన్నందుకే మనిషి పోయాడని ఆమె మనసులో ఒక మూల పడిపోయింది. వినయ్ కరోనా రెండో దెబ్బలో అంబులెన్సు ఎక్కుతూ "రెండు రోజుల్లో వస్తా మా" అన్నాడు. మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా ఆమె గేటు దాకా వచ్చి, వాళ్లు మలుపు తిరిగే వరకూ నిలబడుతుంది. పాలవాడు వెళ్లేటప్పుడు కూడా. వీలునామా రాయడమంటే తనకు తానే వీడ్కోలు చెప్పుకోవడం. తనను సాగనంపడానికి గేటు దగ్గర తానే నిలబడటం ఎట్లా?

ఆ భయాన్ని ఒక కొలత టేపు పక్కకు నెట్టింది. నంద్యాలలో విత్తనాల దుకాణం నడిపే పెద్దకొడుకు జీవన్ కుమార్ మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చి, అన్నం తిని, చేయి కడుక్కుని, జేబులోంచి టేపు తీసి ఇంటి ముందుభాగం కొలిచాడు.

"ఏంది రా అది?" అంది దేవమ్మ.

"ఊరికే చూస్తాండా మా. రోడ్డు పక్కనే గదా, ముందర రెండు షాపు రూములొస్తాయి."

"వాటెనకాల?"

"ఎనకాల గోడౌను."

"మనుషులు యాడుండాల?"

జీవన్ కుమార్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వాకిట్లో గిన్నెలు తోముతున్న జెస్సీ తల ఎత్తలేదు. జెస్సీ వినయ్ భార్య. ప్రైవేటు బడిలో టీచరు. అత్తను, మూడో తరగతి చదివే కూతురిని చూసుకుంటూ, ఇంటి పన్ను తన జీతంలోంచి కట్టుకుంటూ ఆ ఇంట్లోనే ఉంటోంది. ఇల్లు దేవమ్మ పేరు మీద ఉంది.

సోమవారం పొద్దున్నే దేవమ్మ శేషాద్రికి ఫోను చేసింది. ఆయనది అహోబిలం పూజారుల కుటుంబం. తాను మాత్రం నంద్యాలలో లాయరు పని చేసుకుంటున్నాడు. ఆయన ఉన్నమాట చెప్పాడు. "మీరు రాయకుండా పోతే సగం మీ పెద్దోడికి, సగం మీ మనవరాలికి పోతాదమ్మా. జెస్సీ పేరు యాడా రాదు. వినయ్ లేడు గాబట్టి ఆమెకు మీ ఇంట్లో గోరంత హక్కు లేదు." దేవమ్మ ఫోను పెట్టేసింది. తర్వాత పాస్టరు సంజీవయ్యగారికి ఫోను చేసి, వీలునామాకు సాక్షి సంతకం పెట్టడానికి రేపు పదకొండు గంటలకు నంద్యాల రమ్మని అడిగింది. రెండో సాక్షిగా సంఘ పెద్ద ఎలీషాను తీసుకురమ్మంది. తప్పంతా ఇక్కడ మొదలైంది.

సంజీవయ్యగారు ముప్పై రెండేళ్లుగా పాస్టరు. ఇంతవరకూ ఏడు వీలునామాలకు సాక్షి సంతకం పెట్టారు. ఏడూ మంచం పక్కనే. ఏడుగురినీ ఆయనే వారం తిరక్కుండా సమాధి చేశారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి వీలునామా రాయడం ఆయన సేవలో ఎన్నడూ జరగలేదు. ఆయన కళ్లు తుడుచుకుని, మంగళవారం ఉదయం సంఘం వాట్సాప్ గ్రూపులో ఇట్లా పెట్టారు: "దేవమ్మగారి వీలునామా విషయమై అందరూ భారంగా ప్రార్థించగలరు."

ఆ గ్రూపుకు ఒక నియమం ఉంది. ప్రార్థన మనవి కింద ఎవరూ కారణం అడగకూడదు. 'ఆమేన్' అని మాత్రమే రాయాలి. రెండేళ్ల క్రితం ఒకరు "ఆ అమ్మాయికి ఏం జబ్బు?" అని అడగటం, అది జబ్బు కాదని తేలటం, పెళ్లి సంబంధం ఒకటి తప్పిపోవటం జరిగాక పెట్టిన నియమమది. కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. తొమ్మిదిన్నరకల్లా నూట నలభై ఆమేన్లు వచ్చాయి. అడగలేనివన్నీ విడివిడి ఫోన్లలో ఊహించుకున్నారు. మొదటి ఫోనులో గుండె, రెండో ఫోనులో కిడ్నీలు. పది గంటలకు రెండూ.

ఆ సమయానికి దేవమ్మ, ఫోను గొంతు నొక్కి సంచి అడుగున పడేసి, నంద్యాలలో కుర్ర డాక్టరు ఎదుట కూర్చుని ఉంది. వీలునామా రాసే నాటికి ఆమె మతి సరిగ్గా ఉందని ఆయన రాసివ్వాలి.

"అవ్వా, ఈరోజు ఏ వారం?"

"మంగళవారం. నీ గోడ మీద క్యాలెండరు ఇంకా పోయిన నెల్లోనే ఉండాది, చింపు."

డాక్టరు లేచి చింపాడు. "నూటిలో నుంచి ఏడు తీసేస్తే ఎంత?"

"తొంబై మూడు. దాంట్లో నుంచి తీస్తే ఎనబై ఆరు. నీకు తీరికుంటే రెండు మిగిలే దాకా పోతా."

డాక్టరు రెండు మిగిలే దాకా విన్నాడు. విని, సర్టిఫికెట్ మీద ముద్ర వేసి, గది తలుపు దాకా ఆమెతో నడిచివచ్చి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. సరిగ్గా అప్పుడే బయటి బల్ల మీద బీపీ చూపించుకోవడానికి కూర్చున్న ఎలీషా తలెత్తాడు.

ఎలీషాకు ఆళ్లగడ్డలో షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే దుకాణం ఉంది. పదకొండుకు లాయరు దగ్గరికి పోయేముందు బీపీ పని చూసుకుందామని వచ్చాడు. డాక్టరు లేచి వచ్చి రోగికి దండం పెట్టడం అతను తన జీవితంలో ఒక్కసారే చూశాడు. అది అతని తండ్రి పోయే ముందు.

"అక్కా, ఏమన్న్యాడు డాక్టరు?" అన్నాడు లేచి నిలబడి.

పక్కనే ఇంకో ఇద్దరు ఆళ్లగడ్డ మనుషులు చెవులు పెట్టి ఉన్నారు. జీవన్ కుమార్‌కు తెలియకూడదని దేవమ్మ కాగితాన్ని మడిచి రవికలో దోపుకుంది. "ఏం లేదు ఎలీషా. నువ్వు పోయి చూపించుకోపో."

దాచిపెట్టిందంటే కాగితంలో ఏముందో ఎలీషాకు ఇంక చెప్పక్కర్లేదు. అతను బీపీ చూపించుకోలేదు. చూపించుకుని ఉంటే అతన్నే పడుకోబెట్టేవారు. పాస్టరుగారికి ఫోను చేసి, "అయ్యగారూ, నంద్యాల వద్దు. ఆమెను ఇంటికి చేర్చే లోపల మనం ఆడ ఉండాల. డాక్టరు చేతులెత్తేసినాడు" అని చెప్పి మోటారు సైకిలు ఎక్కాడు. అతని కుర్చీలన్నీ మరుసటి రోజు శిరివెళ్లలో ఒక పెళ్లికి పోవలసి ఉంది. ఏం జరిగినా ఈరోజే జరగడం అందరికీ మంచిదని అతనికి తోచింది.

శేషాద్రి ఆఫీసులో దేవమ్మ పన్నెండున్నర దాకా కూర్చుంది. వీలునామా టైపు అయి సిద్ధంగా ఉంది. సాక్షులు లేరు. "మీరు, మీ గుమాస్తా పెట్టగూడదా నాయనా?" అని అడిగింది.

"పెట్టొచ్చు. కానీ రేపు మీ పెద్దోడు కోర్టుకెక్కితే, వీడు ఫీజు తీసుకున్నోడు గదా అంటాడు. మీ ఊరోళ్లు, మీ సంఘపోళ్లు అయితే వాని నోరు మూతపడతాది." ఆయన కాగితం మీద పెన్సిలుతో మూడు గుర్తులు పెట్టాడు. "మీరు ఈడ సంతకం పెట్టాల. పెడతాంటే ఇద్దరూ కళ్లారా చూడాల. వాళ్లు మీ ఎదురుగా ఈడ పెట్టాల. ఆస్తి ముట్టేవాళ్లు మాత్రం సాక్షి సంతకం పెట్టగూడదు. ఇది అయిపోతే వీలునామా అయినట్లే. రిజిస్టరు కావాలంటే తీరిగ్గా చేయించుకోవచ్చు."

'తీరిగ్గా' అన్న మాటకు దేవమ్మ ఆయన వైపు చూసిన చూపుకు శేషాద్రి గొంతు సవరించుకున్నాడు. "రేపే చేయించుకోవచ్చు" అన్నాడు.

ఆమె సంచి అడుగునుంచి ఫోను తీసి, దాని గొంతు విప్పి, పాస్టరుగారికి చేసింది. ఆయన గొంతు గుసగుసగా, మెత్తగా ఉంది. వెనక ఎవరో బల్లలు ఈడుస్తున్న చప్పుడు. "అమ్మా, మీరు దేనికీ కదలొద్దు, కంగారు పడొద్దు. మేమే మీ ఇంటికి వచ్చినాం. అంతా సిద్ధం చేస్తాండాం."

ఎంత మంచి మనిషి, సంతకం పెట్టడానికి ఇంటికే వచ్చాడే అనుకుంది దేవమ్మ. కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. శిరివెళ్ల దాటుతుండగా ఫోను మోగింది.

"నేను శ్రీనివాసులు ఆచారినమ్మా, రాళ్లు చెక్కే ఆచారిని. దేవమ్మగారి ఇంటోళ్లేనా?"

"ఆ, ఇంటోళ్లమే. చెప్పు ఆచారీ."

"ఎలీషన్న ఈ నంబరిచ్చినాడు. రాతి మీద ఏం పేరు రాయాల, పుట్టిందెప్పుడు, బేగా చెప్పండి తల్లీ. రేపట్నుంచి నాకు గుడి విగ్రహం పనుంది, మళ్లా చేతికి దొరకను."

"ఎవురి పేరు రాస్తావు?"

"దేవమ్మగారి పేరే. చానా మంచి మనిషంట పాపం."

"ఎవురన్న్యారు?"

"ఊరంతా అంటాండారు."

"డెబ్బై ఏండ్లు ఈ ఊర్లోనే ఉండాను. నాకెవురూ చెప్పలేదే!"

ఫోనులో ఉలి చప్పుడు ఆగిపోయింది. ఆచారి జాగ్రత్తగా అడిగాడు. "అయితే తల్లీ... తేదీ చోటు ఖాళీ ఇడిచిపెట్టేదా?"

"రాయి మొత్తం ఖాళీగా ఇడిచిపెట్టు! దానికేం తొందరొచ్చింది? అది యాడికీ పోదు, నేనూ యాడికీ పోను!" అని అరిచి ఫోను పెట్టేసింది. బస్సులో ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు వచ్చి, దిగే ఊరు ఇంకా రాలేదని మర్యాదగా చెప్పాడు.

ఇంటి ముందు ఆటో దిగేసరికి ఆమెకు తన ఇల్లు కనిపించలేదు. పసుపు, నీలం చారల షామియానా కనిపించింది. దాని కింద ముప్పై దాకా కుర్చీలు. కుర్చీల్లో సంఘం ఆడవాళ్లు, మగవాళ్లు, పక్క వీధి వాళ్లు. ముందు వరసలో పాస్టరు సంజీవయ్యగారు. పేరుకు అది స్వస్థత ప్రార్థన. పాడుతున్నది మాత్రం సమాధుల తోటలో పాడే పాట. సంచి భుజాన వేసుకుని తన కాళ్ల మీద తాను నడిచివస్తున్న దేవమ్మను చూసి ఆ పాట మధ్యలో తెగిపోయింది.

"అయ్యో, ఈ స్థితిలో ఒంటరిగా నడిచొచ్చింది చూడు!"

"ఏం స్థితి?" అంది దేవమ్మ.

"ఆత్మబలం అక్కా, ఆత్మబలం!"

"నాకు ఏ రోగమూ లేదు. ఎవురు చెప్పినారు మీకు?"

పాస్టరుగారు పక్కనున్న ఆడవాళ్లకు నెమ్మదిగా చెప్పారు. "చివరికి అందరూ అట్లే అంటారు. ఎదురు చెప్పొద్దండి."

ఎదురు చెప్పకుండానే నలుగురు ఆమెను పట్టుకుని వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. లేవబోతే ఆయాసమన్నారు. అరిస్తే జ్వరం తలకెక్కిందన్నారు. మధ్యాహ్నం భోజనం లేక కడుపు కాలుతూ, ఇచ్చిన హార్లిక్సు గటగటా తాగితే "కడసారి దాహం" అని ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ జనంలోంచి జెస్సీ తోసుకుంటూ వచ్చి మంచం పక్కన కూలబడింది. బడిలో ఉండగా కబురందిందట. వేళ్లకు సుద్దముక్క పొడి అట్లాగే ఉంది.

"అత్తా, నాకొక మాట చెప్పగూడదా? ఇంత జబ్బు పెట్టుకొని నాకే చెప్పవా?"

"జెస్సీ, నా మాట విను. నేను బాగుండా."

"ఆయన గూడా ఫోన్లో అట్లే అన్న్యాడు." జెస్సీ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆసుపత్రి నుంచి వినయ్ చేసిన ఆఖరి ఫోను ఇద్దరూ ఒకే ఫోనుకు చెవులు పెట్టి విన్నారు. బాగున్నానని చెప్పేవాళ్లను జెస్సీ ఇక ఎట్లా నమ్ముతుంది? దేవమ్మ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, డాక్టరుకు చెప్పినట్టుగా నూటిలోంచి ఏడు తీసేసి చెబుదామా అనుకుంది. అంతలో వాకిట్లో కారు ఆగింది.

జీవన్ కుమార్ ఏడుస్తూ దిగాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. జేబులోని కాగితమూ నిజమైనదే. గ్రూపులో మనవి చూసి, అమ్మకు పదకొండుసార్లు ఫోను చేసి, ఆమె ఎత్తకపోయేసరికి, దారిలో దస్తావేజుల రైటరు దగ్గర ఆగి ఒక వీలునామా టైపు చేయించుకుని వచ్చాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మా, నాయన రాయకుండా పోయినందుకు మూడేండ్లు నువ్వు పడిన తిప్పలు నేను చూడలేదా? నువ్వన్నా అట్ల చేయొద్దు. ఒక్క సంతకం పెట్టు, నెమ్మదిగా ఉండు."

ఇంతవరకూ ఈ విషయంలో ఎవరూ ఇంత సరిగ్గా మాట్లాడలేదు. అందుకే దేవమ్మ కాగితం తీసుకుని చదివింది. ఆమెది బడికి పోయి నేర్చుకున్న చదువు కాదు. సారు దిద్దే పలకలు పక్కనుంచి చూసి నేర్చుకున్నది. అందువల్ల ప్రతి అక్షరాన్నీ అనుమానంగా చదువుతుంది. ఇల్లు మొత్తం జీవన్ కుమార్‌కు. జెస్సీ పేరు లేదు. సిరి పేరు చివరి వాక్యంలో, పెళ్లి ఖర్చుల దగ్గర ఉంది.

"జెస్సీ యాడుండాల?" అంది మెల్లగా.

"బండి ఆత్మకూరులో వాళ్లన్న ఉండాడు గదమ్మా."

"పంపించేస్తావా?"

"పంపించేదేముంది? ఆమె పోతాది."

దేవమ్మ గేటు వైపు చూసింది. ఎంతమందిని చూసిందో ఆ గేటు దగ్గర నిలబడి. రేపు తాను పోయాక, ఇంటి సామాను ఒక ట్రాలీ ఆటోలో వేసుకుని, సిరిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, జెస్సీ ఆ మలుపు తిరుగుతుంది. అప్పుడు గేటు దగ్గర నిలబడటానికి తాను కూడా ఉండదు. ఇన్నేళ్లుగా కాగితం రాస్తే ఎవరో పోతారని భయపడింది. రాయకపోతేనే పోతారని ఆ క్షణం దాకా ఆమెకు తట్టలేదు.

"ఈ కాగితం మీద పెట్టను పో!" అని లేచి కూర్చుంది. "ఎవురూ యాడికీ పోయేది లేదు. నేను సచ్చేదీ లేదు. ఎలీషా, ఆ టెంటు ఊడదీయి. ఆచారికి ఫోను చేసి రాయి వద్దని చెప్పు. పాస్టరయ్యా, ఆ పాట మార్చండి!"

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎలీషా జాలిగా తల ఊపాడు. "పాపం, మతి తప్పింది. టెంటంటాది, రాయంటాది. జీవన్ అన్నా, ఇంక ఆమెతో సంతకాలేం పెట్టిస్తావు? చెల్లవు."

జీవన్ కుమార్ ఉలిక్కిపడి లేచాడు. చెల్లవు అన్న మాట అతన్ని తల్లి జబ్బు కంటే ఎక్కువ కంగారుపెట్టింది. షామియానా వైపు తిరిగి గొంతెత్తాడు. "ఎవురప్పా మతి తప్పిందన్నది? మా అమ్మకు మతి శుభ్రంగా ఉండాది! ఇప్పుడే నా ఎదురుగా కాగితం చివరిదాకా చదివింది. ఆమె ఏం రాసినా, ఎవురికి రాసినా అది ఆమె ఇష్టం, మాకందరికీ అదే మాట. రేపు ఎవురన్నా నోరెత్తితే నేనే కోర్టులో చెప్తా. ఎలీషన్నా, ఫోను తీసి వీడియో పట్టు. పాస్టరయ్యా, మీరిద్దరూ సాక్షులు."

దేవమ్మ షామియానా కింది వరసలను ఒకసారి చూసింది. పదకొండేళ్లలో ఇద్దరు సాక్షులను కూడగట్టలేకపోయిన మనిషి ఎదుట, కుర్చీలతో సహా ముప్పై మంది కూర్చుని ఉన్నారు. ఆమె నెమ్మదిగా దిండు మీదికి ఒరిగింది. కావాలనే గొంతు సన్నం చేసుకుంది.

"జీవనూ... వీడియో వస్తాందా నాయనా?"

"వస్తాంది మా."

"మతి బాగుందన్న్యావే, ఆ మాట ఇంగోసారి చెప్పు. దూరంగా కూర్చున్నోళ్లకు ఇనపడలేదు."

"మా అమ్మకు మతి బాగుండాది!" అని అరిచాడు జీవన్ కుమార్.

"నన్నెవురూ బలవంతం చేయలేదు గదా?"

"ఎవురూ చేయలేదు!"

"నా ఇష్టమొచ్చినట్ల రాసుకోవచ్చు గదా?"

"రాసుకో మా, రాసుకో!" అన్నాడు, పెన్ను అందిస్తూ.

దేవమ్మ పెన్ను తీసుకుంది. సంచిలోంచి శేషాద్రి టైపు చేయించిన కాగితం తీసి, మోకాలి మీద పరుచుకుంది. డాక్టరు సర్టిఫికెట్టు రవికలోంచి తీసి దాని పక్కన పెట్టింది. "అంతా బాగా చూడండి, సంతకం పెడతాండా" అని, పెన్సిలు గుర్తు దగ్గర తన పేరు గట్టిగా రాసింది. "ఇది నా కాగితం జీవనూ. నీది మడిచి నీ జేబులో పెట్టుకో. ఇల్లు జెస్సీకి, ఆమె తర్వాత సిరికి. గడివేముల పొలంలో నా పాలు నీకు. అది ఇంకా మీ తాత పేరు మీదే ఉండాది. మూడు తరాల కాగితాలు మార్పించుకోవాల. నీకు ఓపికుంది, చేయించుకో."

జీవన్ కుమార్ ముఖం ఎర్రబడింది. "పాస్టరయ్యా, ఇది కాదు! మా అమ్మకు మతి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎలీషా ఫోను ఇంకా అతని ముఖం మీదే ఉంది. ఎలీషా వీడియో పని ఒప్పుకుంటే మధ్యలో ఆపే మనిషి కాదు. పెళ్లిళ్లలో భోజనాలు అయ్యే దాకా పడతాడు.

"చెప్పన్నా, వస్తాంది" అన్నాడు ఎలీషా.

"...బాగుండాది" అన్నాడు జీవన్ కుమార్.

పాస్టరుగారు డాక్టరు సర్టిఫికెట్టును రెండుసార్లు చదివారు. మూడోసారి కళ్లద్దాలు తుడుచుకుని చదివారు. "అయితే అమ్మా, డాక్టరు దండం పెట్టింది..."

"లెక్క బాగా చేసినానని."

ఆయన సంతకం పెట్టారు. ఎలీషా ఫోను పక్కవాళ్లకిచ్చి వచ్చి పెట్టాడు. ఇద్దరు చాలు. కానీ మూడు గంటలుగా ఏడ్చిన జనానికి, ఏదో ఒకటి జరిగితే తప్ప ఇంటికి పోబుద్ధి కాలేదు. ఒకామె లేచి, తాను కూడా కళ్లారా చూశానంది. ఇంకొకామె, తాను ముందు వరసలోంచి చూశానంది. వరుస కట్టారు. చదువు రానివాళ్లకు జెస్సీ పెన్సిలు పొడి రుద్ది వేలిముద్రలు వేయించబోతే, ఆస్తి ముట్టే మనిషి సాక్షుల పని ముట్టకూడదని దేవమ్మ ఆమెను లోపలికి పంపేసింది. కాగితం వెనక వైపు కూడా నిండిపోయింది. మొత్తం ముప్పై ఒక్కరు. ఇంత బందోబస్తు ఉన్న వీలునామాను తాను ఇంతవరకూ చూడలేదని మరునాడు శేషాద్రి ఒప్పుకున్నాడు.

జీవన్ కుమార్ కారు దగ్గరికి పోయి, తలుపు తీసి, మళ్లీ మూసి వెనక్కి వచ్చాడు. తల్లి మంచం పక్కన నిలబడ్డాడు. "నిజంగానే నీకేం లేదు గదా మా?"

"లేదు రా."

"పదకొండు సార్లు ఫోను చేస్తి. ఎత్తకపోతివి. నంద్యాల నుంచి ఎట్లొచ్చినానో నాకే తెల్దు." అతను అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు బాగుండావు, అది చాలు" అన్నాడు. కాసేపటికి, "పొలం ఎన్నెకరాలు?" అన్నాడు.

జెస్సీ వంటింటి గడపలో నిలబడి ఉంది. "అత్తా, నాకిల్లు వద్దు. నువ్వుంటే చాలు" అంది.

"నేనుంటా. ఇల్లు గూడా ఉంటాది. రెండిట్లో ఒగటే ఏరుకోమని నిన్నెవురూ అడగలేదు. పోయి గోంగూర తెంపు, ఆకలయితాంది."

జనం కదలలేదు. టీ వస్తుందేమోనని చూస్తున్నారు. దేవమ్మ మంచం దిగి, కొంగు నడుముకు బిగించి, షామియానా మధ్యకు వచ్చి నిలబడింది. ఆ వరసల్లో అరవై దాటనివాళ్లు అయిదారుగురికి మించి లేరు. గుండె జబ్బువాళ్లు ఇద్దరు, చక్కెర జబ్బువాళ్లు లెక్కలేనంతమంది, అన్నదమ్ములతో మాటలు లేనివాళ్లు సగం మంది.

"నా కోసరం ఇంతమంది వచ్చినారు, వందనాలు. ఇప్పుడొక మాట అడుగుతా. ఈడ కూర్చున్నోళ్లలో వీలునామా రాసినోళ్లు ఎంతమంది? చేతులెత్తండి."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంది. ఒక్క చేయి లేవలేదు.

"సరే. రిజిస్టరు పనికి రేపు పొద్దున్నే మళ్లా నంద్యాలకు పోతాండా. లాయరు మంచోడు. నాతో ఎవురొస్తారు?"

ఒకామెకు బర్రెకు కుడితి పెట్టలేదని గుర్తుకొచ్చింది. ఒకాయనకు గ్యాసు బండి వచ్చే వేళయింది. ఎలీషా కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు, మనుషులు ఇంకా వాటిలో ఉండగానే. ముప్పై మంది ఒక్కసారిగా వాకిట్లో చెప్పులు వెతుక్కున్నారు. తన చెప్పులు అందరికంటే ముందు దొరికింది పాస్టరుగారికి.